తిరుగుతుంది గాని అంటుకోదు

తాళం తిప్పినప్పుడు మోటారు కారు మొరాయించే తీరులు మూడు. మొదటిది, ఏ శబ్దమూ లేకుండా ఊరుకోవడం. రెండవది, టక్కుమని ఒక్క చప్పుడు చేసి ఆగిపోవడం. మూడవది, సెల్ఫు మోటారు చక్కగా తిరుగుతూ, దానితోపాటు ఇంజనూ తిరుగుతూ, ఎంతసేపటికీ అంటుకోకపోవడం. మొదటి రెండింటికీ కారణం సాధారణంగా బ్యాటరీలోనో, దాని తీగలలోనో, సెల్ఫు మోటారులోనో దొరుకుతుంది. మూడవది వేరు జాతికి చెందినది. అక్కడ శ్రమ ఉన్నది, చలనం ఉన్నది, ఫలితం మాత్రం లేదు. ఈ వ్యాసం ఆ మూడవ అవస్థను గురించినది.

తెలుగు పాఠం చెప్పుకొనేవానికి ఇంజనుతో ఏమి పని అని పాఠకులకు తోచవచ్చు. ఆ పని నాకు నడిరోడ్డు మీద పడినది. పడిన తరువాత నాలో ఒక అభిప్రాయం కలిగినది. దానిని విద్యార్థుల ఎదుటను, కళాశాల కమిటీ పెద్దల ఎదుటను ఉంచదలచాను. అయితే అభిప్రాయానికి ముందు విషయం తెలియాలి గనుక, కొంతసేపు ఇంజను సంగతే చెప్పుకొందాము.

పెట్రోలు ఇంజను పనిచేసే సూత్రం 1876లో జర్మనీ దేశస్థుడు నికొలౌస్ ఆటో నిర్మించిన నాలుగు ఘట్టాల ఇంజను నాటినుండి మూలంలో మారలేదు. గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని సిలిండరులోనికి పీల్చుకోవడం, పిస్టను పైకి వచ్చి దానిని అదిమిపెట్టడం, ప్లగ్గు నుండి నిప్పురవ్వ తగిలి అది భగ్గున మండి పిస్టనును కిందికి తోయడం, కాలిన పొగను వెలుపలికి నెట్టడం. ఇంతే దాని సంసారం. దీనికి కావలసినవి పెట్రోలు, గాలి, నిప్పు, ఒత్తిడి. తూకం లెక్కన ఒక పాలు పెట్రోలుకు సుమారు 14.7 పాళ్ళ గాలి ఉంటే అది సంపూర్ణంగా మండుతుంది. ఈ నాలుగింటితో పాటు ఐదవది ఒకటి ఉన్నది. అది వేళ. నిప్పురవ్వ రావలసిన క్షణానికి రావాలి. ముందు వచ్చినా వెనుక వచ్చినా ప్రయోజనం లేదు. డీజిలు ఇంజనుకు ప్లగ్గు నిప్పుతో పని లేదు. అది గాలిని మరింత గట్టిగా అదిమి, ఆ వేడిలోనే డీజిలును మండించుకొంటుంది.

నడుస్తున్న ఇంజను తన ఊపుతో తాను తిరుగుతుంది గాని, ఆగి ఉన్నదానిని మొదట ఎవరో ఒకరు తిప్పవలసిందే. పూర్వం ముందువైపు హ్యాండిలు పెట్టి చేతితో తిప్పేవారు. అది ఎదురుతిరిగి ఎముకలు విరిగిన వారు ఎందరో. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912లో క్యాడిలాక్ కార్లలోనికి వచ్చిన తరువాత ఆ బాధ క్రమంగా తప్పినది. మన ఊళ్ళలో సెల్ఫు అంటున్నది దానినే. అది ఇంజనును నిమిషానికి సుమారు రెండువందల చుట్లు తిప్పగలదు. అంతటితో దాని బాధ్యత తీరినది. తిరిగినంత మాత్రాన ఇంజను అంటుకోవాలన్న నియమం లేదు.

ఈ మాత్రం తెలిసిన తరువాత ఒక విషయం స్పష్టం కావాలి. సెల్ఫు హుషారుగా తిరుగుతున్నదంటే బ్యాటరీ, సెల్ఫు రెండూ దాదాపుగా తమ పని తాము చేస్తున్నట్లే. అయినను మనలో నూటికి తొంభైమంది మొట్టమొదట నిందించేది బ్యాటరీనే. సెల్ఫు ఈడ్చుకొంటూ నీరసంగా తిరిగినప్పుడు మాత్రం ఆ నిందలో కొంత న్యాయం ఉన్నది. విశ్రాంతిలో 12.6 వోల్టులు చూపే మంచి బ్యాటరీ, సెల్ఫు కొట్టేటప్పుడు తొమ్మిదిన్నరకు దిగువకు పడిపోతున్నదంటే, ఇంజను తిరిగినా నిప్పుకు, లోపలి కంప్యూటరుకు చాలినంత కరెంటు మిగలదు.

ఇక నా కథ. గత ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం, పరీక్షా పత్రాలు దిద్దే పని ముగించుకొని ఇంటికి వస్తూ ఉండగా, కర్నూలులోనే ఒక కూడలి వద్ద నా కారు ఆగిపోయినది. సెకండ్ హ్యాండులో కొన్నది, నా జీతానికి తగినది. సెల్ఫు కొడితే గిర్రున తిరుగుతున్నది, అంటుకోవడం లేదు. నలుగురు తోసి ఒక మరమ్మతు దుకాణానికి చేర్చారు. అక్కడివారు సెల్ఫు కొట్టించి వెనుక సీటు దగ్గర చెవి పెట్టి విన్నారు. టాంకులో ఉండే పెట్రోలు పంపు శబ్దం రావడం లేదు. పంపు పోయిందన్నారు. కొత్త పంపు తెప్పించి బిగించేసరికి రెండున్నర గంటలు పట్టినది. తాళం తిప్పగానే కారు లేచి కూర్చున్నది. నేను డబ్బు చెల్లించి, సంతోషంగా కృతజ్ఞత కూడ చెప్పి వచ్చాను.

మూడు వారాలు తిరగకముందే మళ్ళీ అదే ఎండలో, అదే విధంగా ఆగినది. ఈ పర్యాయం ప్లగ్గులు మార్చారు, చాలకపోతే బ్యాటరీ మార్చారు. మళ్ళీ లేచినది. మళ్ళీ డబ్బు. ఒక నెల జీతంలో గణనీయమైన భాగం ఆ కారు బానెట్టు కిందికి పోయినదని మాత్రం చెబుతాను. అంకె చెబితే ఇంట్లోవారు కూడ ఈ పత్రిక చదువుతారు.

మూడవసారి ఆగినది మే నెలలో, నంద్యాల నుండి కర్నూలు వచ్చే దారిలో, ఓర్వకల్లు సమీపాన. మధ్యాహ్నం రెండు గంటల వేళ. ఆ దారి ఎరిగినవారికి ఆ రాళ్ళూ, ఆ ఎండా తెలుసు. డెబ్బై ఏళ్ళ మా తల్లిగారు వెంట ఉన్నారు. సమీపంలో నీడ లేదు. కర్నూలులో పరిచయమున్న ఒక కార్ఖానా ఉస్తాదుకు ఫోను చేశాను. తాను రాలేననీ, తన మేనల్లుణ్ణి పంపుతున్నాననీ అన్నాడు. అరగంటలో మోటారు సైకిలు మీద సంచీ తగిలించుకొని వచ్చినవాడు మా కళాశాల రెండవ సంవత్సరం విద్యార్థి.

అతడు సలాము చేసి తల వంచుకొన్నాడు. నేనూ ఒక క్షణం అతని ముఖం చూడలేకపోయాను. కారణం ఉన్నది. అంతకు కొద్ది వారాల ముందే హాజరు చాలని విద్యార్థుల షార్టేజి జాబితా తయారైనది. నియమం ప్రకారం 75 శాతం ఉండాలి. అతనికి అందులో సగం కూడ లేదు. జాబితా కింద సంతకం చేసిన అధ్యాపకులలో నేను ఒకణ్ణి. ఆ సెమిస్టరు పరీక్షలకు అతడు కూర్చోలేదు. ఎందుకు రావడం లేదని నేను ఒక్కనాడూ పిలిచి అడగలేదు. బుద్ధి లేక తిరుగుతున్నాడని స్టాఫ్ రూములో అనుకొన్న మాట నిజం.

అతడు ముందుగా బానెట్టు ఎత్తలేదు. మా తల్లిగారికి తన సీసాలోని నీళ్ళిచ్చి, "ఖాలా, ఆప్ ఇధర్ సాయే మే బైఠో" అని మోటారు సైకిలు నిలబెట్టి, దాని మీద బట్ట కప్పి కాస్త నీడ చేశాడు. తరువాత నన్ను ప్రశ్నలు అడిగాడు. "ఇంతకు ముందు కూడ ఇట్లా ఆగిందా సార్? పొద్దున ఆగిందా, ఎండలోనా? ఆగిన తరువాత ఎంతసేపటికి స్టార్ట్ అయింది? ఏమి మార్చారు? మార్చేందుకు ఎంతసేపు పట్టింది?" ఇంతమంది ఆ కారును విప్పారు గాని, ఈ ప్రశ్నలు నన్ను అడిగినవాడు అతడొక్కడే.

పిమ్మట నన్ను తాళం సగం వరకే తిప్పమన్నాడు. వెనుక నుండి జుయ్యిమని రెండు సెకండ్ల పాటు పంపు పలికి ఆగినది. "పంపు బాగుంది" అన్నాడు. అద్దం ముందరి దీపాలు చూశాడు. తాళాన్ని గుర్తుపట్టే ఇమ్మొబిలైజరు దీపం సక్రమంగానే ఆరిపోయినది. అది మిణుకుమిణుకుమంటూ ఉంటే, కొన్ని కార్లలో, ఇంజను ఎంత తిరిగినా కంప్యూటరు పెట్రోలు పోనివ్వదట. దొంగను తిప్పలు పెట్టడానికి చేసిన ఏర్పాటు, అప్పుడప్పుడు యజమానినే తిప్పలు పెడుతుంది. తరువాత సెల్ఫు కొట్టమని, చుట్ల లెక్క చూపే ఆర్పీఎం ముల్లు వంక చూశాడు. సెల్ఫు కొట్టేటప్పుడు అది కొంచెమైనా పైకి లేవాలి. మా కారులో అది చలించలేదు.

ఒక ప్లగ్గు విప్పి చూశాడు. పొడిగా ఉన్నది. అంటే పెట్రోలు సిలిండరు వరకు రావడం లేదు. నిప్పు ఉన్నదో లేదో చూడడానికి తన సంచీలో నుండి ఒక టెస్టరు తీసి బిగించాడు. నిప్పు కూడ లేదు. పాత రోజులలో తీగను చేత్తో పట్టుకొని ఇంజనుకు దగ్గరగా పెట్టి రవ్వ చూసేవారట. ఇప్పటి కార్లలో ఆ కరెంటు ఇరవై వేల వోల్టులకు పైన ఉంటుంది. పైగా చుట్టూ పెట్రోలు ఆవిరి. చదివేవారెవరూ ఆ సాహసం చేయవద్దు.

అప్పుడు అతడు అన్న మాట నా చెవిలో ఇంకా ఉన్నది. "పైలే యే దేఖో క్యా నై ఆరా. బిగ్డా క్యా, ఓ బాద్ మే." ముందు ఏది రావడం లేదో చూడాలి, చెడింది ఏదో తరువాతి మాట అని. పెట్రోలు ఒక్కటే రాకపోతే పెట్రోలు దారి పట్టుకొని పోవాలి. నిప్పు ఒక్కటే రాకపోతే నిప్పు దారి. రెండూ ఒక్కసారిగా రావడం లేదంటే, రెండు వేరువేరు వస్తువులు ఒకే నిమిషంలో చెడిపోవడం అరుదు. ఆ రెండింటికీ మొదట్లో ఉన్న ఒక్కదానిని అనుమానించాలి. ఆ ఒక్కటి క్రాంకు సెన్సరు. ఇంజను తిరుగుతున్న సంగతిని, ఏ పిస్టను ఎక్కడ ఉన్నదన్న సంగతిని కంప్యూటరుకు చెప్పేది అది. ఆ కబురు అందకపోతే కంప్యూటరు దృష్టిలో ఇంజను ఆగి ఉన్నట్లే. ఆగి ఉన్న ఇంజనుకు అది నిప్పూ పంపదు, పెట్రోలూ పంపదు. మొదటి దుకాణంవారు సెల్ఫు కొడుతూ విన్నప్పుడు పంపు ఎందుకు పలకలేదో నాకు అప్పుడు తెలిసినది. పంపు చెడి కాదు, నడవమని దానికి ఎవరూ చెప్పక. తాళం సగం తిప్పి ఆగి ఉంటే ఆ రెండు సెకండ్ల శబ్దం వారికీ వినబడేది.

సెన్సరు తీగ ఊడదీసి మీటరు పెట్టాడు. లోపలి చుట్ట తెగిపోయినట్లు, ఏ అంకె చూపకుండా ఓపెన్ అని చూపినది. నీళ్ళలో బట్ట తడిపి దాని మీద కప్పి, పావుగంట ఆగమన్నాడు. మళ్ళీ మీటరు పెడితే అంకె వచ్చినది. తీగ తగిలించి తాళం తిప్పితే ఆర్పీఎం ముల్లు కదిలి, కారు మొదటి పట్టుకే అంటుకొన్నది. వేడికి లోపలి సన్నని తీగ సాగి తెగుతున్నది, చల్లారితే మళ్ళీ కలుస్తున్నది. కర్నూలు చేరి సెన్సరు మార్చిన తరువాత అతడు పాతదానిని పారవేయలేదు. ఒక గ్లాసులో వేడినీళ్ళు పోయించి, అందులో సెన్సరును ముంచి మీటరు పెట్టాడు. అంకె మాయమైనది. తీసి చల్లార్చాడు. అంకె తిరిగి వచ్చినది. "ఇప్పుడు నిజమే సార్" అన్నాడు.

మన తర్కశాస్త్రంలో అన్వయమనీ వ్యతిరేకమనీ రెండు మాటలున్నవి. అది ఉంటే ఇది ఉండడం, అది లేకుంటే ఇది లేకుండడం. రెండూ చూసిన తరువాతనే కారణమని నిర్ణయించాలి. ఈ మాటలను నేను విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివే రోజులలో పరీక్ష కొరకు కంఠస్థం చేశాను. ఒక గ్లాసు వేడినీళ్ళలో వాటిని ప్రత్యక్షంగా చూడడం అదే మొదటిసారి. అంతకు ముందు రెండు దుకాణాలలో జరిగినదానికి కూడ మనవారు పేరు పెట్టే ఉన్నారు. కాకతాళీయం. కాకి వాలినది, తాటిపండు రాలినది. పంపు మార్చారు, కారు లేచినది. మార్చడానికి పట్టిన రెండున్నర గంటలలో ఇంజను చల్లారినదన్న సంగతి వారికీ పట్టలేదు, నాకూ పట్టలేదు. వారు మోసగాళ్ళని నేను అనడం లేదు. వారు నమ్మే మార్చారు. నమ్మి మార్చడమే ఇందులో ఎక్కువ ప్రమాదం. మోసగాడికైనా తాను చేసినది తెలిసి ఉంటుంది.

కార్ఖానా చదువంతా గొప్పది, కళాశాల చదువంతా వట్టిది అని నేను చెప్పబోవడం లేదు. అట్లా వ్రాయడం సులభం, వార్షిక సంచికలలో శోభిస్తుంది కూడ. కాని నా కారును రెండుసార్లు తప్పుగా విప్పినవీ కార్ఖానాలే. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టివేయమన్నట్లు వస్తువు మార్చేవారు అక్కడా ఉన్నారు. కొందరు చేతికి స్కానరు వచ్చిన తరువాత మరింత తొందరపడుతున్నారు. ఆ యంత్రం పి0335 అని ఒక గుర్తు చూపితే, క్రాంకు సెన్సరు దారిలో ఏదో తేడా ఉన్నదని మాత్రమే దాని అర్థం. ఎలుక కొరికిన తీగ కావచ్చు, నీరు చేరిన ప్లగ్గు మూత కావచ్చు, సెన్సరు కావచ్చు. గుర్తు చూడగానే సెన్సరు కొనడం, ప్రశ్న సగం చదివి గైడులోని జవాబు దింపడం వంటిది. ఈ పోలిక మా తరగతి గదుల నుండి ఊరికే రాలేదు.

ఇక్కడ నేను చెప్పదలచిన సంగతి ఇది. ఆ నడిరోడ్డు మీద అతడు చేసినదే మనం డిగ్రీలో నేర్పవలసిన పని. వృత్తాంతం అడగడం, సులభమైనది ముందు చూడడం, ఒక్కొక్క పరీక్షతో సగం అనుమానాలను తీసివేయడం, దొరికిన కారణాన్ని నమ్మక దానిని మళ్ళీ పరీక్షించడం. ఇది నేర్చుకొంటున్న మూడు సంవత్సరాలను మన రిజిస్టరు గైరుహాజరు అని వ్రాసుకొన్నది. రిజిస్టరుకు ఆ పాపం లేదు, దానికి రెండే అక్షరాలు తెలుసు. దానిని చదివేవారికి మరి కొన్ని అక్షరాలు తెలిసి ఉండాలి.

మన సంస్థకు ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన బాధ్యత ఉన్నదని నా నమ్మకం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఏర్పడినప్పుడు బోధన ఉర్దూలో సాగినది. దానికి ఒక సంవత్సరం ముందుగానే అనువాద శాఖను నెలకొల్పి, విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోనికి తెచ్చారు. 1948 తరువాత ఆ బోధన ఆంగ్లంలోనికి మారిపోయినది. తెలుగులో పాఠ్యగ్రంథాల కొరకు 1968లో తెలుగు అకాడమీ వచ్చినది. ఈ రెండు కృషులను గౌరవించేవాణ్ణి నేను. అయినా మన పిల్లవాడు క్రాంకు సెన్సరును గురించి ఆలోచించిన భాష ఆ గ్రంథాలలో నుండి వచ్చినది కాదు. అది ఉస్తాదు దగ్గర విన్నది. పానా, సెల్ఫు, కరెంటు, ఓపెన్, డీజిలు బండి అయితే ఎయిర్ పట్టడం. సగం దక్కనీ, పావు తెలుగు, పావు ఇంగ్లీషు. ఆ భాషలో తప్పు లేని తర్కం నడుస్తున్నది. దానిని కాగితం మీద పెట్టినవారు లేరు. ఉస్తాదు కన్ను మూస్తే ఆయన చెవి కూడ పోతుంది. తెగిన టైమింగు బెల్టు గల ఇంజను ఒత్తిడి లేక తేలికగా, వేగంగా, ఒకే శ్రుతిలో తిరుగుతుందనీ, ఆ శ్రుతి వినగానే సెల్ఫు ఆపివేయాలనీ, లేకపోతే కొన్ని ఇంజనులలో వాల్వులు పిస్టనుకు తగిలి వంగుతాయనీ ఆ ఉస్తాదు నాకు చెప్పాడు. శబ్దాన్ని తన నోటితో చేసి చూపాడు. నాకు వ్రాయడం చేతనైనంత వరకు వ్రాశాను.

ప్రసంగవశాత్తూ ఒక మాట. అల్ జజరీ 1206లో పూర్తి చేసిన యంత్రాల గ్రంథంలో, నీళ్ళు తోడే యంత్రానికి క్రాంకును వాడిన సంగతి మన సభలలో తరచుగా వింటాము, గర్విస్తాము. గర్వించవలసినదే. కాని ఆయన కూడ చేతికి నూనె అంటిన మనిషి. ఆయన పేరు వేదిక మీద చెప్పి, నూనె అంటిన చేతులతో తరగతికి వచ్చే పిల్లవానిని వెనుక బెంచీకి పంపడం నాకు పొసగడం లేదు.

కమిటీ పెద్దలకు నా విన్నపాలు పెద్దవి కావు. కొత్త భవనం కావాలని అడగడం లేదు. వారానికి ఒక మధ్యాహ్నం, మన ఆవరణలోనే, ఒక పాత ఇంజను పెట్టి, ఊరిలోని ఉస్తాదును గౌరవ పారితోషికంతో పిలిపించండి. విజ్ఞాన శాస్త్ర విద్యార్థులే కాదు, నా తెలుగు విద్యార్థులు కూడ వస్తారు. వారు ఆ మాటలను విని, ఉర్దూ శాఖవారితో కలిసి, రెండు లిపులలోను ఒక చిన్న పుస్తకంగా వ్రాస్తారు. బండి తిరిగి అంటుకోకపోతే ఏది ముందు చూడాలి, ఏది తరువాత చూడాలి అన్నదే దాని మొదటి అధ్యాయం. విద్యార్థినులను దీని నుండి మినహాయించవద్దు. ఎండలో కారు ఆగేటప్పుడు లోపల ఉన్నది ఎవరో చూసి ఆగదు. ఇక పని చేసుకొంటూ చదివే పిల్లల హాజరు విషయం. కార్ఖానాలో, దర్జీ దుకాణంలో, ప్రెస్సులో పని చేసేవారి పేర్లు సంవత్సరారంభంలోనే నమోదు చేసి, వారికి ఉదయం పూట తరగతులు సర్దుబాటు చేయడం మన చేతిలోని పని. జాబితా తయారైన తరువాత దయ చూపడం విశ్వవిద్యాలయం చేతిలో కూడ పూర్తిగా ఉండదు.

ఇంతదూరం చదివిన విద్యార్థులకు ఆ చిన్న పుస్తకం వచ్చేలోగా పనికి వచ్చే నాలుగు మాటలు. సెల్ఫును పది సెకండ్లకు మించి కొట్టవద్దు, మధ్యలో అర నిమిషమైనా ఆగండి. మోటారు కాలుతుంది, మండని పెట్రోలు పొగగొట్టంలోనికి పోయి అక్కడి శుద్ధియంత్రాన్ని పాడుచేస్తుంది. పెట్రోలు వాసన గుప్పుమంటే సిలిండరు తడిసిపోయినదని అర్థం. యాక్సిలరేటరు పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫు కొడితే చాలా కార్లలో అది ఆరుతుంది. వాసనే లేకపోతే పంపు ఫ్యూజు, దాని రిలే చూడండి. అదే నంబరు గల హారను రిలేను తీసి అక్కడ పెట్టి చూడడానికి పైసా ఖర్చు లేదు. టాంకులో పెట్రోలు ఉన్నదో లేదో చూడమని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను గాని, ముల్లు ఇరుక్కొని అబద్ధం చెప్పే కార్లు ఉన్నవి. చాలా నెలలు కదలని బండిలో పాత పెట్రోలును అనుమానించాలి. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతానికి చేరినది. ఇథనాలు తేమను పీల్చుకొనే స్వభావం గలది. నీరు ఎక్కువగా చేరితే అది పెట్రోలు నుండి విడిపోయి అడుగుకు దిగుతుంది. పంపు మొదట పీల్చేది ఆ అడుగుదే. పాత అంబాసిడరు వంటి బండి ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే, వానాకాలం ఉదయం డిస్ట్రిబ్యూటరు మూత తీసి పొడిబట్టతో తుడిచి చూడండి. తరచు అంతకంటె వేరే వైద్యం అక్కరలేదు. దాని లోపల పాయింట్ల ఎడం సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి.

ఆ విద్యార్థి తనను తిరిగి రెండవ సంవత్సరంలో చేర్చుకొని, ఉదయం తరగతులు ముగిసిన తరువాత కార్ఖానాకు పోనివ్వవలసినదిగా కోరుతూ దరఖాస్తు ఇచ్చాడు. దాని అడుగున నేను సిఫారసు వ్రాసి సంతకం చేశాను. ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి ఆ కాగితం కమిటీ వారి ఆఫీసులో ఉన్నది.